కొత్తనీళ్ల రుచి

మబ్బు పట్టిందంటే అందరికీ సంతోషం. నాకు మాత్రం భయం. నవ్వితే నవ్వండి. మేడ్చల్ దాటి శామీర్‌పేట వైపు వెళ్లే దారిలో మా ఊరు. తొంభైల చివర, అక్కడ తొలివాన పడితే ఊరంతా మా బాపు నాలుక మీద ఆధారపడి ఉండేది. ఈ భయం అక్కడి నుంచి తెచ్చుకున్నదే.

బాపు ఊరి నీరటి. చెరువులోకి నీళ్లు వదలడం, ఆపడం ఆయన పని. వాగు నుంచి చెరువుకు కాలువ చీలే చోట చెక్క పలకలు ఉండేవి. ఎత్తితే నీళ్లు చెరువులోకి వస్తాయి, దించితే వాగు వెంట కిందికి పోతాయి. తొలివానకు పలకలు ఎత్తే ముందు దోసిట్లో కొత్తనీళ్లు పట్టి, "గంగమ్మ తల్లీ" అని ఒక గుటక మింగడం నీరటి ఆచారం. మా తాత చేశాడు, ఆయన తండ్రీ చేశాడు. ఆ ఒక్క గుటకతో, నీళ్లు చౌడు మీంచి వచ్చాయో ఎర్రనేల మీంచి వచ్చాయో బాపు చెప్పేసేవాడు. చిన్నప్పుడు నోరు తెరుచుకొని చూసేదాన్ని.

తర్వాత వాగుకు ఎగువన గట్టు మీద ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎండాకాలమంతా దాచిన మురికినీళ్లను తొలివాన పడగానే వాగులో కలిసే వాననీళ్ల మోరీలోకి వదిలేవారు. వానలో కలిసిపోతే ఎవరు పట్టుకుంటారు? ఒక ఏడు చెరువులో చేపలన్నీ తెల్లగా తేలాయి. మా చిన్నాయనవి రెండు బర్రెలు కాళ్లు తన్నుకొని చచ్చాయి. ఫిర్యాదు చేస్తే నాలుగో రోజు జీపులో ఆఫీసర్లు వచ్చారు. అప్పటికి వాగు తేటబడింది. సీసాలో నీళ్లు పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, "నీళ్లు బాగానే ఉన్నాయి కదండీ" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మురికి మోరీలో కలపకూడదని రూలైతే ఉందట. వాన రోజున మాత్రం ఆ రూలు ఇల్లు కదలదు.

అందుకే ఊరు తన రూలు తానే రాసుకుంది. నీరటి రుచి చూసి మంచివని చెప్పేదాకా తొలివాన నీళ్లు చెరువులోకి రానివ్వకూడదని గ్రామసభలో తీర్మానం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. విషం ఉందో లేదో తెలుసుకోవడానికి మనిషి నోట్లో పోసి చూడటం ఏమిటని ఒక్కరికీ తోచలేదు. అబద్ధమెందుకు, నాకూ తోచలేదు. మా బాపు అంత గొప్పవాడని మురిసిపోయాను.

మూడేళ్లు ఆయన రుచి చూశాడు. బర్రెలు బతికాయి. బాపు పెదవుల మూలల పడ్డ పుండ్లు మాత్రం మానేవి కావు.

నాలుగో ఏడు నాకు పదిహేనేళ్లు. ఎండాకాలం చివర ఒక పొద్దున, పాసిపోయిన పప్పు పారబోద్దామని గిన్నె పక్కన పెట్టి బోరింగు దగ్గరికి నీళ్లకు పోయాను. వచ్చేసరికి బాపు ఆ పప్పే అన్నంలో కలుపుకొని తింటున్నాడు. కంపుకు మా అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"బాపూ, పాసిపోయింది గది!"

"మంచిగనే ఉన్నది బిడ్డా" అని ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. నా మొహం చూశాక చేయి ఆగింది. "ఎవలకూ చెప్పకు. నీరటికి రుచి తెలుస్తలేదంటే ఊరు పరేషాన్ అయితది."

చెప్పలేదు. చెబితే బాపు ఊళ్లో తలెత్తుకోలేడని భయం, చెప్పకపోతే ఊరు ఏమైపోతుందోనని భయం. తిన్నది ఒంటబట్టేది కాదు. ఎక్కడ ఉరిమినా పై ప్రాణాలు పైనే పోయేవి.

వాన రానే వచ్చింది, మిట్టమధ్యాహ్నం. ఊరంతా కాలువ గట్టు మీద చేరింది. సర్పంచ్ గొడుగు పట్టుకొని ముందు నిలబడ్డాడు. బాపు దోసిలి పట్టాడు, మింగాడు, ఎప్పటిలాగే కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"మంచియే. ఎత్తుండ్రి."

ఇద్దరు పలకల మీద చేతులు వేశారు. నాకేమైందో తెలియదు, నీళ్లలోకి దూకేశాను. దోసెడు పట్టి నోట్లో పోసుకున్నాను. చేదు కాదు, ఉప్పు కాదు, నిప్పు! గొంతు దిగకముందే ఉమ్మేశాను.

"ఎత్తకుండ్రి! మంట లేస్తాంది!"

"నీకేమెరుకనే? మీ బాపు మంచియే అన్నడు గద" అని కసిరాడు సర్పంచ్.

అందరూ బాపు వైపు తిరిగారు. ఆయన తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"బిడ్డ చెప్పిందే నిజం. ఎండాకాలం సంది నాకు రుచి తెలుస్తలేదు. సిగ్గుకు చెప్పలే."

పలకల మీది చేతులు వెనక్కి పోయాయి. సర్పంచే గొంతు తగ్గించి, "ఇగ బిడ్డతోనే రుచి చూపిద్దాం తియ్. దాని నాలిక మంచిగున్నది గద" అన్నాడు. గట్టు మీద ఒక్కొక్క తలే ఊగింది. అంతమంది ముందు కాదనే ధైర్యం నాకు లేదు. సరే అనబోయాను కూడా.

బాపు నీళ్లలోకి దిగి నా రెక్క పట్టుకున్నాడు. "నా బిడ్డ నోరు మీకు సీసా అనుకున్నరా? వాన పడ్డనాడే సీసాల్ల నీళ్లు పట్టుకొని ఆఫీసు కాడ కూసోండ్రి. పోండ్రి!" ఆయన అరవగా నేను వినడం అదే మొదలు.

గట్టెక్కించి, మా తాగేనీళ్ల చెంబు నా నోటికి పెట్టాడు. "పుక్కిలియ్. ఉమ్ము. ఇంకోపాలి." చెంబు ఖాళీ అయింది. సద్దిమూటలోంచి ఉల్లిగడ్డ తీసి, పిడికిలితో చితక్కొట్టి, ఒక ముక్క నా నోట్లో పెట్టాడు.

"నములు బిడ్డా. ఘాటు తెలుస్తాందా?"

నమిలాను. ఉల్లిగడ్డకు కళ్లలోంచి నీళ్లు కారాయి కానీ, నాలుకకు ఏమీ తెలియలేదు.

"తెలుస్తాంది బాపూ" అన్నాను.