కొండలన్న నుదుటి బాసికం

కొండలన్న నడిపిన బండి ఎవరినీ తాకలేదని మా వాడంతా చెప్పుకునేది. అందరికంటే ఎక్కువ చెప్పుకునేది కొండలన్నే. ఇబ్రహీంపట్నంలో భూములమ్మి మేడలు లేపినవాళ్ళు వాడకు పదిమంది దొరుకుతారు. "నా చేతికి రక్తమంటలేదు" అని ఛాతీ మీద చెయ్యేసుకుని చెప్పగల డ్రైవరు మాత్రం అతనొక్కడే. అతనికున్న ఆస్తి ఆ మాటే.

మీసాలు రాకముందే కంకర లారీకి క్లీనరుగా ఎక్కాడు. తర్వాత డ్రైవరై సాగర్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి కంకర తోలాడు. ఆదిభట్లలో కంపెనీల మీద కంపెనీలు లేచాక లారీ దిగి స్టాఫ్ బస్సు పట్టాడు. అక్కడే ఒక కంపెనీ క్యాంటీన్లో నేను కూరగాయలు తరుగుతాను. మా ఇంటికీ అతని ఇంటికీ మధ్య ఒకటే గోడ. అందుకని బస్సులో ఇంజిన్ పక్క సీటు నాది. దాంట్లో ఇంకెవరైనా కూర్చుంటే నేను ఊరుకోను, ఆ సంగతి ఇంజినీర్లకు కూడా తెలుసు.

కొండలన్నకు హారన్ కొట్టేవాళ్ళంటే ఒళ్ళుమంట. "పొద్దాక హారన్ గొట్టెటోడు డ్రైవర్ గాదు నిర్మలా, బిచ్చమడుక్కునెటోడు" అనేవాడు. ఫోన్ చూస్తూ బండి నడిపేవాళ్ళను మాత్రం అద్దం దించి మరీ తిట్టేవాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ఒక ఎండాకాలం కంపెనీవాళ్ళు డ్రైవర్ల తలలకు పట్టీలు తెచ్చారు. తెచ్చినవాడు నిశాంత్ అని, బస్సుల భద్రత చూసే కుర్ర ఆఫీసరు. పట్టీ లోపల చిన్న చిన్న లోహపు బిళ్ళలు నుదుటికి ఆనుకుని ఉంటాయి. స్టీరింగ్ ముందు ఒక డబ్బా, దానికో లైటు.

"మెదడుల సన్నగ కరెంటు పారుతుంటది అన్నా. మత్తొచ్చినా, సోయి దప్పినా దాని తీరు మారుతది. పచ్చలైటు మంచిది, పసుపైతే జాగర్త, ఎర్రగైతే బండి పక్కకు వెట్టాలె" అని వివరించాడు నిశాంత్.

కొండలన్న పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిదేంది సార్, పెండ్లికొడుకు బాసికం లెక్కుంది? ఈ వయసుల నాకు మళ్ల పెండ్లి జేస్తున్రా?"

డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరు బాసికమే అయింది. ఇంట్లో అతని భార్య అనంతమ్మకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. "నీ మనసుల ఏమున్నదో గూడ అండ్ల దెలుస్తదా?" అని అడిగిందట.

మిగతా డ్రైవర్లకు మధ్యాహ్నం తిండి తిన్నాక పసుపు లైటు వెలిగేది, అంతే. కొండలన్నకు పొద్దున పూట, కంటినిండా నిద్రపోయి, చాయ్ తాగి బండెక్కిన మనిషికి, పచ్చగా ఉన్న లైటు ఉన్నట్టుండి ఎర్రబడింది. డబ్బా కీచుమంది. మళ్ళీ అంతలోనే పచ్చబడింది.

"నేను కండ్లు దెరుసుకోనే ఉన్న. దీనికే నిద్రొస్తున్నట్టుంది" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మళ్ళీ ఎర్రబడింది. ఇంకో రోజూ అంతే. ఇక నవ్వులు తగ్గాయి. వెనక సీట్ల ఆడపిల్లలు ఫోన్లు పక్కన పెట్టి డబ్బా వంకే చూస్తూ కూర్చునేవాళ్ళు. కొండలన్న ముక్కు మీద కోపం నెత్తికెక్కింది. డబ్బా మంచిది కాదని తిట్టాడు, తెచ్చినవాడిని తిట్టాడు, ఆఖరికి నేను ఎక్కువ మాట్లాడుతున్నానని నన్నూ తిట్టాడు. అతని గొంతులో భయం వినిపించడం నాకదే మొదటిసారి.

అనంతమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు. తల వేడెక్కింది, అంతే. ఆముదం వెచ్చచేసి పొద్దునే మాడుకూ నుదుటికీ జిడ్డు కారేలా మర్దనా చేయడం మొదలుపెట్టింది. అద్భుతం! ఎర్రలైటు మాయమైంది. కీచుమన్న చప్పుడూ లేదు. పచ్చలైటు బదులు తెల్లలైటు నిమ్మళంగా వెలుగుతూ ఉండేది. తెలుపంటే పచ్చ కంటే చల్లదనమని అనుకున్నాం.

"నేను జెప్పలేదా, ఏడి దిగిందని?" అనంతమ్మ ఆనందం పట్టరానిది. తక్కిన డ్రైవర్ల పెళ్ళాలు కూడా ఆముదం ఏ దుకాణంలో కొన్నదో అడిగి తెలుసుకున్నారు.

కొన్నాళ్ళకు నిశాంత్ పొద్దునే ఇబ్రహీంపట్నం వచ్చి మా బస్సెక్కాడు. కొండలన్న నుదురు వేలితో తాకి, వేలి వంక చూసుకుని, తల పట్టుకున్నాడు. "తెల్లలైటంటే మంచిగున్నట్టు కాదన్నా. జిడ్డుకు బిళ్ళలు అంటుకుంటలేవు. నీ మెదడు సంగతి దీనికి ఏమీ తెలుస్తలేదు."

స్పిరిట్ దూదితో నుదురంతా తుడిచి, పట్టీ మళ్ళీ బిగించాడు. లైటు పచ్చబడింది. నిశాంత్ నా వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు కదిలింది.

మంగల్‌పల్లి దగ్గర ఒకమ్మాయి ఎక్కాలి. దూరం నుంచే ఆమె చెయ్యెత్తడం చూసి, "అన్నా, ఆపు" అన్నాను. ఆపలేదు. అమ్మాయి వెనకబడిపోయింది. "అన్నా!" అని గట్టిగా పిలిచాను. కొండలన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. పెదాలు మాత్రం ఏదో రుచి చూస్తున్నట్టు చప్పరిస్తున్నాయి. డబ్బా ఎర్రగా కీచుమంటోంది. ముందు ఒక ఆటో, దాని వెనక వేలాడుతున్న బడిపిల్లల సంచులు. బస్సు మెల్లగా అటే జరుగుతోంది. నేను పెట్టిన కేక నాకే గుర్తులేదు.

ఆటోకు జానెడు దూరంలో కొండలన్న కాలు బ్రేకు మీద పడింది. అతను నా వైపు తిరిగి, ఏమీ ఎరగనట్టు, "ఏంది చెల్లె, మంగల్‌పల్లి వచ్చిందా?" అన్నాడు.

అతను అద్దంలోంచి వెనకటి రోడ్డును చాలాసేపు చూశాడు.

"దాటినమా?"

"దాటినమన్నా" అన్నాను.

"మరి బండి ఎవలు నడిపిండ్రు?"

నిశాంత్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నిద్రైతే ముందుగాల పసుపైతది. నీది ఒక్కసారే ఎర్రగైతున్నది. ఇది నిద్ర కాదన్నా. దవాఖానకు పోదాం."

కొండలన్న అక్కడే బండి పక్కకు పెట్టి, తాళం తీసి నిశాంత్ చేతిలో పెట్టాడు. పట్నంలో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, మూర్ఛలో ఇదొక రకమన్నాడు. మనిషి పడిపోడు, గిలగిల కొట్టుకోడు, కాసేపు లోపల ఉండడు, అంతే. ఆ కాసేపూ గుర్తుండదు. ఇక స్టీరింగ్ పట్టొద్దన్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే, ఏళ్ళ నుంచే ఉండి ఉంటుంది, చూసినవాళ్ళు లేరు అన్నాడు.

గండం గడిచిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. కొండలన్న మాత్రం మాట తగ్గించాడు. మందులు మింగి, పొద్దునే సాగర్ రోడ్డు బస్సెక్కి ఎటో వెళ్ళి చీకటి పడేముందు వచ్చేవాడు. "ఏడికి వోతున్నవంటే జెప్పడు. జర నువ్వన్న అడుగు" అని అనంతమ్మ నా దగ్గర ఏడ్చింది. నాకు సెలవున్న రోజు నేనూ అదే బస్సెక్కి అతని పక్కన కూర్చున్నాను. యాచారం దాటాక తనే మొదలుపెట్టాడు.

"లారీ తోలిన దినాలల్ల ఒకసారి, పొద్దుగాల లోడు దించి చూస్తే బంపర్ సొట్టవొయ్యి ఉన్నది" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "ఎప్పుడైందో యాదికి రాలే. సొట్టల పచ్చచీర పీలిక ఇర్కి ఉండె. గాలికి ఎగిరొచ్చి వడ్డదనుకున్న. తీసి పారేసి, చాయ్ తాగిన."

తర్వాతి ఊరు రాగానే దిగాడు, వెనకే నేనూ దిగాను. రోడ్డు పక్క కల్లు దుకాణం తాటాకుల పందిరి నీడలో కూర్చున్న ఒక ముసలామె దగ్గరికి వెళ్ళి, వెనకట ఈ ఊర్లో ఆడమనిషినెవరినైనా లారీ గుద్దిందా అని అడిగాడు.

"అవ్ బిడ్డా, గుద్దింది" అంది ఆమె. "కూలికి వోతుంటే గుద్ది పాయె. ఆపనే లేదు వాడు. నువ్వెవలు?"

నేను అతని చెయ్యి పట్టి ఇవతలకు లాగాను. "చాలన్నా, ఇంటికి పోదాం. ఇంకేం తెలుసుకుంటవ్?"

కొండలన్న చెయ్యి విడిపించుకున్నాడు. ఎదురుగా వస్తున్న బస్సును ఆపడానికి చెయ్యెత్తాడు.

"నిన్న వోయిన ఊర్ల గూడ అవ్ అన్నరు చెల్లె. మొన్నటి ఊర్ల గూడ అన్నరు. రోడ్డు మీదున్న ఊరు ఒక్కటన్న లేదంటదేమోనని తిరుగుతున్న."