నాలుగు ప్లేట్లు, ఎనిమిది సైడ్లు

ఆ చీటీ రాసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాతో ఇల్లు పంచుకునే అక్కకు చెప్పలేదు, ఫోన్లో అమ్మకు చెప్పలేదు. ఏ కూర వండుకున్నానో కూడా రాసుకునే నా డైరీలో ఆ శనివారం కింద "వాన. షాపులో పని ఎక్కువ" అని మాత్రమే ఉంది.

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక ఆప్ షాప్ వస్తుంది. జనం వద్దనుకుని ఇచ్చేసిన బట్టలు, గిన్నెలు, పుస్తకాలు అక్కడ అమ్ముతారు. వచ్చిన డబ్బు ధర్మకార్యాలకు పోతుంది. పనిచేసేవాళ్ళమంతా జీతం లేని వాలంటీర్లం. యూనివర్సిటీలో రెండో సెమిస్టర్ నుంచి నేను శనివారాలు వెళ్ళేదాన్ని. యూని లైబ్రరీలో ఉద్యోగం కావాలంటే ఇక్కడివాళ్ళెవరైనా నా గురించి ఒక ఉత్తరం రాసివ్వాలి. మేనేజర్ రాసిస్తానంది. అందరికీ అదే కారణం చెప్పేదాన్ని. పుస్తకాలు సర్దుతున్నంతసేపు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదన్నది చెప్పని కారణం.

పుస్తకాల పక్క మూలలో పాత రికార్డులు ఉండేవి. ఆ మూల అంకుల్‌ది. డెబ్బై దాటిన మనిషి, గుంటూరు వైపు. కుర్రతనంలో ఇంజనీరుగా వచ్చినప్పుడు క్లేటన్‌లోనే ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నారట. రెండో ప్రపంచయుద్ధ కాలంలో డాన్సు హాళ్ళను ఊపేసిన అమెరికా స్వింగ్ బ్యాండ్ల రికార్డులు ఆవిడ రోజూ సాయంత్రం పెట్టేదట. వినీ వినీ ఆయనకూ ఆ పిచ్చే పట్టింది. ఇప్పుడు క్రెయిగీబర్న్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. మెల్‌బోర్న్ ఆ చివర నుంచి ఈ చివరికి రెండు రైళ్ళెక్కి వచ్చేవారు.

"అంత దూరం ఎందుకు అంకుల్, ఇంట్లనే వినొచ్చు గదా?" అన్నాను ఒకసారి.

"ఇంట్లోనా? ప్లేటు పెట్టగానే మా మనవరాలు 'తాతా, టర్న్ ఇట్ డౌన్' అంటుంది. డౌన్ చేస్తే ఆఫ్ చెయ్యమంటుంది. నువ్వయితే ఏమీ అనవు. అసలు నువ్వు ఎప్పుడైనా ఎవర్నైనా ఏమైనా అంటావా, నల్గొండా?"

నన్ను ఊరి పేరుతోనే పిలిచేవారు. ఆయన చెయ్యి కొద్దిగా వణికేది. అందుకని రికార్డుల ముందు నిలబెట్టే కార్డులు నాచేత రాయించేవారు. "అన్నీ క్యాపిటల్స్‌లో రాయి తల్లీ. కొనేవాళ్ళు నాకంటే ముసలాళ్ళు."

ఒక శనివారం ఒకామె కారులోంచి ఒక ఆల్బమ్ దించింది. చూడ్డానికి పుస్తకంలా ఉందని దాన్ని నా బల్ల మీద పెట్టారు. గట్టి అట్ట, గుడ్డ అంటించిన వెన్ను. తెరిస్తే పేజీల బదులు కాగితం సంచులు, ఒక్కో సంచిలో ఒక బరువైన నల్ల రికార్డు. అట్ట మీద బ్యాండ్ నాయకుడు క్లారినెట్ పట్టుకుని నవ్వుతున్నాడు. లోపల ఎనిమిది పాటల పట్టిక. "మా అమ్మమ్మది. నాలుగూ ఒకరికే వెళ్ళాలి, విడగొట్టకండి" అని ఆమె మరీ మరీ చెప్పింది. పట్టిక డైరీలోకి ఎక్కించుకున్నాను. రికార్డులు మాత్రం బయటికి తీసి చూడలేదు.

అంకుల్ దాన్ని చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అప్పట్లో టేపు లేదమ్మా. మైనం పలక తిరుగుతుంటే బ్యాండంతా ఒక్కసారే వాయించాలి. ఒక్కడు తప్పినా మళ్ళీ మొదటికే. ఈ ఎనిమిదీ కూడా ఒకసారి చేసినవి కావు, వేరే వేరే ఏళ్ళలో విడివిడిగా వచ్చాయి. యుద్ధం మధ్యలో అక్కడి వాద్యగాళ్ళు రికార్డింగులకి రామని కూర్చున్నారు. కొత్తవి లేవు. కంపెనీవాడేం చేస్తాడు? పాతవి వెతికి ఇలా పుస్తకం కట్టాడు. అచ్చులు ఓడలో ఇక్కడికొస్తే ఈ దేశంలోనే ప్లేట్లు నొక్కారు. ప్లేట్లు చేసే లక్క మాత్రం మనవైపుది. అంటే ఈ బ్యాండులో మనమూ ఉన్నాం."

అంతా చెప్పి, ఆల్బమ్‌ను తన కూరగాయల సంచిలో పెట్టుకున్నారు.

"బూజు పట్టింది. ఇంట్లో కడిగి, ఆరబెట్టి తెస్తా. మేనేజరమ్మ అడిగితే నీకు తెలీదను."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. స్టాఫ్ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: అమ్మని వస్తువు ఏదీ షాపు దాటకూడదు. ఆ తలుపు ఆయన నాకంటే ఎక్కువసార్లు తీసి ఉంటారు. కడగడానికే అయితే దాచడమెందుకు?

మరుసటి వారం ఆల్బమ్ తెచ్చారు. ఆయన టీకి వెళ్ళినప్పుడు మొదటి సంచిలోని రికార్డు బయటికి తీశాను. ఒకవైపు ఒకటో పాట. తిప్పితే రెండోది ఉండాలి. మా షాపుకు వచ్చిన మిగతా ఆల్బమ్‌లన్నీ అలాగే ఉండేవి. దీనికి ఎనిమిదోది ఉంది. రెండో సంచిలో రెండుకు వెనక ఏడు. ఈ రికార్డులు ఈ ఆల్బమ్‌వి కావనిపించింది. మంచివి ఇంట్లో ఉంచుకుని, ఎక్కడివో తెచ్చి ఇందులో కూర్చారని అనుకున్నాను.

అదే మధ్యాహ్నం తన చిన్న ప్లేయర్ మీద మూడో పాట పెట్టారు. ఆ పాట నాకు తెలుసు. దానిది విడి రికార్డు ఒకటి మూలలో ఉంటే అంతకుముందు వినిపించారు. మధ్యలో క్లారినెట్ మెట్లు దిగినట్టు దిగుతుందని డైరీలో రాసుకున్నాను కూడా. ఇందులో క్లారినెట్ లేదు. ఆ చోట ట్రంపెట్ వచ్చింది.

"ఇది ఆ పాటేనా అంకుల్?"

"ఆ పాటే. కానీ అది కాదు," అని నవ్వారు. ఇంతలో ఎవరో బేరానికి వచ్చారు. ఆ నవ్వు కూడా లెక్కలో వేసుకున్నాను. సాయంత్రం ఆల్బమ్ మళ్ళీ కూరగాయల సంచిలోకి వెళ్ళింది.

ఆ వారమంతా అనుమానాన్ని పెంచుకున్నాను. ఆయన ఇచ్చిన బిస్కెట్లు, మెచ్చుకోళ్ళు, నల్గొండా అన్న పిలుపు, అన్నీ నన్ను మాట్లాడనివ్వకుండా చేయడానికేనేమో అనిపించింది. పేర్లు చెప్పకుండా అక్కను అడిగాను.

"మనాయనే ఒకాయన షాపు సామాన్లు ఇంటికి తీస్కపోతున్నడు. అడగాల్నా?"

"నీకెందుకే? పెద్దాయనతోని లొల్లి." అక్క చపాతీ తిప్పింది. "కానీ సూసి ఊకున్నవని రేపు తెలిస్తే నీ మీదికే వస్తది. నీ లెటర్ పాయె."

ఆయననే అడగొచ్చు. ఒక్క ప్రశ్న చాలు. కానీ నాన్నకంటే పెద్దవాణ్ణి, మన మనిషిని, ఎదురుగా నిలబడి దొంగిలించారా అని ఎలా అడుగుతాను? నాకు నోరు రాదు, రాయడం వచ్చు. తర్వాతి శనివారం అంకుల్ రాలేదు, జ్వరమట. బయట వాన. ఒక కాగితం మీద ఇంగ్లీషులో, "రికార్డులు చూసే ఆయన సంచి ఒకసారి చూడండి" అని రాసి మేనేజర్ సొరుగులో వేశాను. నా దస్తూరి తెలియకూడదని అన్నీ క్యాపిటల్స్‌లో రాశాను.

ఆ తర్వాతి శనివారం ఆయన నాకంటే ముందే వచ్చారు. వెనక గదిలో నెలల తరబడి మూలుగుతున్న పెద్ద చెక్క రేడియోగ్రామ్‌ను, రేడియో, రికార్డు ప్లేయరూ ఒకే పెట్టెలో ఉండేదాన్ని, మూలలోకి జరిపించి, దాని మూత తెరిచి నిలబడ్డారు.

"రావమ్మా. జ్వరంలో కూడా దీని రబ్బరు చక్రం గురించే ఆలోచన. ఇవ్వాళ తిరిగింది. ఇప్పుడు చూడు తమాషా."

కూరగాయల సంచిలోంచి ఆల్బమ్ తీశారు. రికార్డులు కొత్త చెప్పుల్లా మెరుస్తున్నాయి. నాలుగింటినీ దొంతరగా మధ్యలో ఉన్న పొడుగాటి మేకు మీద ఎక్కించారు. అడుగుది ఒకటి జారి కింద పడింది, ముల్లు వచ్చి వాలింది, ఒకటో పాట. అది అవగానే ముల్లు తప్పుకుంది, దాని మీద ఇంకో రికార్డు పడింది, రెండో పాట. ఎవరూ చెయ్యి పెట్టలేదు. తర్వాత మూడు.

"ఈ పాటకి పాత అచ్చు అరిగిపోయిందమ్మా. అదే రోజు వాయించి పక్కన పడేసిన ఇంకో వాయింపు తీసి ఇందులో పెట్టారు. లేబుల్ పక్కన గీసిన అంకె చూడు, ఆ విడి ప్లేటు మీద ఒకటి, దీని మీద రెండు. క్లారినెట్ వాడిదే, బ్యాండూ వాడిదే. అయినా రెండోసారి తను తప్పుకుని ట్రంపెట్‌వాడికి వదిలేశాడు. అందుకే నాకిది ఇష్టం."

నాలుగో పాట అయ్యాక ఆయన రెండు చేతులతో మొత్తం దొంతరను ఎత్తి, బోర్లించి, మళ్ళీ మేకు మీద ఎక్కించారు. ఐదో పాట మొదలైంది.

"ఒకటి వెనక రెండుంటే పాట పాటకీ లేచి తిప్పుకోవాలి. డాన్సు చేసేవాళ్ళకి తీరికెక్కడిది? అందుకని ఈ రకం మిషనున్న వాళ్ళ కోసం ఒకటి వెనక ఎనిమిది, రెండు వెనక ఏడు వేసి అమ్మేవాళ్ళు. మొత్తం మీద తిప్పేది ఒక్కసారే. ఈ మిషన్ లేకుండా ఆ ఆల్బమ్ నీకెలా చూపించేది చెప్పు? అందుకే మళ్ళీ మళ్ళీ కడుగుతూ అన్నాళ్ళు ఆగా."

నేను మేనేజర్ గది వైపు చూశాను. ఆమె గుమ్మం తెర పక్కన నిలబడి ఉంది. మడిచిన నా చీటీ చేతిలో ఉంది. బల్ల మీది సంచిని, ఆల్బమ్‌ను చూసి, "ఒక్క నిమిషం లోపలికి వస్తారా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఇంకా భయమేసింది.

"వచ్చేస్తా, నువ్వు వింటుండు," అని ఆయన వెళ్ళారు.

ఆరో పాట వచ్చింది. కడగడానికే తీసుకెళ్ళారు, నాకు ముందే తెలుసు, చీటీ నాది, అని ఇంగ్లీషులో వాక్యం కూర్చుకున్నాను. ఏడో పాటలో దాన్ని రెండుసార్లు దిద్దుకున్నాను. ఆ గది నాకు ఎనిమిది అడుగుల దూరం కూడా లేదు. నెల తర్వాత మేనేజర్ ఇచ్చిన ఉత్తరంలో నేను నమ్మదగిన మనిషినని ఉంది. ఆ లైబ్రరీ ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్నాను. ఆ పూట మాత్రం కదల్లేదు. ఎనిమిదో పాట, నేను దొంగదనుకున్న పాట, చివరిదాకా సాగింది. ముల్లు దానంతటదే లేచి పక్కకు వెళ్ళి ఆగింది.

ఆయన బయటికి వచ్చారు. మెడలో ఎప్పుడూ వేలాడే షాపు తాళంచెవి లేదు. నియమం నియమమేనని, ఇక రావద్దని ఆమె ఆయనతో అందట. ఆ సంగతి తర్వాత మేనేజరే చెప్పింది. ఆయన నాతో ఆ ఊసెత్తలేదు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. రికార్డుల ముందున్న కార్డుల్లో ఒకటి వంగి ఉంటే నిలబెట్టి, దానివైపు కాసేపు చూశారు.

"తిప్పేటప్పుడు నాలుగూ కలిపే తిప్పాలి, మర్చిపోకు. దీనికి కార్డు నువ్వే రాయి నల్గొండా. నీ అక్షరాలు ఎక్కడున్నా గుర్తుపడతాను."