కుర్మయ్య ముందటావు

పాలమూరు గడ్డ మీద పుట్టి నీళ్లను తిట్టే మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన గొల్ల కుర్మయ్య. ఎత్తిపోతల కాలువలో కృష్ణ నీళ్లు మా ఊరికి వచ్చిన రోజు ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. మా నాయన మోకాలిలోతు నీళ్లలోకి దిగి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు గట్టు మీద నిలబడిన కుర్మయ్య, "ఇగ అయిపోయింది మన పని" అన్నాడు. కొందరు నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. తరతరాలు ఎదురుచూసిన నీళ్లు గడప తొక్కుతుంటే నోట్లోంచి ఆ మాటేనా రావాల్సింది!

ఆయన నాకు వరసకు మామ, పొలానికి పగవాడు. ఆయన గొడ్లు మా చేలో పడని ఏడాది లేదు. పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టినా, "నోరు లేని జీవాలు, వాటికి నీ గెట్టేంది, నా గెట్టేంది అల్లుడా" అనేవాడు తప్ప తల వంచేవాడు కాదు. కాబట్టి ఆయన గురించి నేను చెప్పేదాంట్లో కొంచెం కారం ఉంటుంది, సర్దుకోండి.

మా ఊరికి తూర్పున నల్లమల, పడమర ఇప్పుడు కాలువ. కుర్మయ్యవి పొడ తూర్పు ఆవులు. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు చిలకరించినట్టు మచ్చలుంటాయి. మనిషి పాకలేని గుట్టలు కూడా ఎక్కేస్తాయి. ఒకప్పుడు కుర్మూర్తి జాతరలో ఆ ఎడ్ల కోసం రాయచూరు దిక్కు నుంచి వచ్చి మరీ ఎగబడేవాళ్లు. తొలకరి పడగానే కుర్మయ్య మందతో అడవికి పోయేవాడు. కోతలయ్యాక దిగేవాడు. అప్పటికి చేలన్నీ బీళ్లు. "మామా, మా చేలో మంద పెట్టవూ" అని మేమే బతిమాలి, ఎరువు కోసం జొన్నలిచ్చి మరీ పెట్టించుకునేవాళ్లం. నీళ్లు వచ్చాక రెండు పంటలయ్యాయి, బీడన్న మాటే లేదు. ఎరువు సంచుల్లో వస్తోంది. గెట్ల మీద గడ్డి కూడా మందు కొట్టి చంపుతున్నాం. నేనూ కొడతాను. కొట్టకపోతే వరి మీదికి వస్తుంది మరి.

అయినా మా గెట్టు మీద కూర్చుని కుర్మయ్య లోకం మీద తీర్పులు చెప్పేవాడు. ఆయన చెప్పేవాటిలో సగం నిజం, సగం ఆయన సొంత పైత్యం. అడవి పందుల్ని సర్కారే లారీల్లో తెచ్చి వదిలిందనేవాడు. సూది మందు వేస్తే ఆవు పాలు ఎండిపోతాయనేవాడు. సర్కారు వాళ్లు చెవులకు నంబరు రాసిన పసుపు పచ్చ బిళ్లలు కొట్టినందుకు ఆవులకు సరిగా వినబడటం లేదనేవాడు.

"ఆవుకు ఆధార్ ఇచ్చిండ్రు గనీ రేషన్ ఇయ్యలె" అనేవాడు. నేను పగలబడి నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

పులి సంగతి వస్తే మాత్రం గొంతు మారేది. మందకు ముందు నడిచే బొల్లావును పులే పట్టింది. అడవిలోకి గొడ్లను రానిచ్చిన ఆఖరి ఏడాది అది. "పులి తిన్నదని నాకు కోపం లేదు అల్లుడా. అడవిల మేపుకుంటే అడవికి దాని వంతు ఇయ్యాల్నా వద్దా? అది ఆకలికి తిన్నది. నువ్వు గెట్ల మీద కొడుతవే గడ్డి మందు, అది ఎవని ఆకలికి?"

ఇలాంటి మాట వచ్చినప్పుడు నేను సాధారణంగా పార పట్టుకుని లేచిపోతాను.

బొల్లావు పడి ఉన్న చోటికి, పులి ఇంకా చుట్టుపక్కలే ఉందని తెలిసీ, ఆయన ఒక్కడే పోయి దాని మెడలో గంట విప్పుకొచ్చాడు. వాళ్ల కులపు కట్టుబాటు అది. ముందటావు పోతే దాని గంట దాని కడుపున పుట్టినదానికే కట్టాలి. ఇంకో ఆవుకు కడితే మంద చెదిరిపోతుందని నమ్మకం. బొల్లావుకు మిగిలింది ఒక్క పెయ్య. గాలికుంటు రోగం తగిలి ఆ ఏడాది ఇంటి దగ్గరే ఉండిపోయింది. కుర్మయ్య భార్య అలివేలమ్మ దానికి గంజి తాగించి బతికించింది. ఆ పెయ్య మెడలోనే గంట పడింది. దాన్నే పొడావు అని పిలిచేవాళ్లు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కాపరి ఎన్నడూ మంద ముందర నడవకూడదు. ఎందుకని ఒకసారి అడిగాను. "ముందర నడిచి తాడు గుంజేటోడు బేరగాడు. ఎనక నడిచేటోడు కాపరి" అన్నాడు. అంత తేలిగ్గా చెప్పాడు, చుట్ట ముట్టించుకుంటూ.

ఆ మరుసటి ఏడాది పశుసంవర్ధక శాఖ వాళ్లు నాగర్‌కర్నూల్‌లో సభ పెట్టి, నాటు జాతిని కాపాడిన రైతు అని కుర్మయ్యను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆ వారమే అడవి హద్దు దగ్గర అటవీ శాఖ బీట్ ఆఫీసర్ మధు ఆయన మందను ఆపాడు. పులుల కోసం కేటాయించిన అడవిలోకి ఇక గొడ్లు రావద్దన్నాడు. "గా శాఖోళ్లు భుజం మీద శాలువ ఏసిరి. గీ శాఖోళ్లు గదే శాలువ పట్టుకొని ఎనక్కి గుంజిరి" అని కుర్మయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

మధు చెడ్డవాడేం కాదు. ఇటిక్యాల దగ్గరి రైతు కొడుకు. ఓపిగ్గానే చెప్పాడు. "గొడ్ల రోగాలు దుప్పులకు అంటుతున్నయ్, పెద్దాయనా. పైనుంచి ఆర్డరు. నన్నేం చేయమంటవ్?"

"నేను తీస్కపోతలేను సారూ. అవే పోతయి. వాటిది అడవి పుటక. నేను ఎనక నడుస్త, అంతే."

ఎవరు ఆపినా, ఎప్పుడు ఆపినా ఇదే మాట. కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చినప్పుడూ ఇదే మాట. గొడ్లను తోలుకుపోతే తప్పు గానీ, వాటంతట అవి పోతే ఎవరేం చేస్తారని ఆయన వాదం. మొండి వాదమే, కానీ ఆయన దాన్ని మనసా నమ్మాడు.

అలా మూడు తొలకర్లు పోయాయి. మంద గుట్ట చుట్టూ, రోడ్డు పక్కన, కాలువ కట్ట మీద మేసింది. మేసిందనడం ఎందుకు, మూతులు రాసుకుంది. కొడుకు ఉపేందర్ కోత మిషన్ నడుపుతాడు. ఆ మిషన్ కోసిన గడ్డి సగం మడిలోనే నుజ్జవుతుంది, మిగిలింది మేం తగలబెడతాం. తగలబెట్టకముందే పోయి అలివేలమ్మ మోపులు మోసేది. ఆవుల పక్కటెముకలు దూరం నుంచే కనబడేవి. రెండు లేవలేక దొడ్లోనే పోయాయి.

ఈ వేసవి ఆఖర్లో ఒక పొద్దున వాళ్లింట్లో గొడవ మా ఇంటికి వినిపించింది. అలివేలమ్మ గొంతు.

"మోసి మోసి నా మెడ వంగిపాయె. నా పానం పోయినా సరే మోస్త గనీ, యాడికెల్లి తెచ్చి మొయ్యాల? కండ్ల ముందల సావనీకేనా సాదుతున్నవు? అమ్మెయ్. ఉన్నయన్న బతుకుతయి."

తర్వాత కుర్మయ్య గొంతు. "పొడావు చెప్తది. తొలకరి నాడు మూడు తొవ్వల కాడ ఇప్పి ఇడుస్త. అడవి దిక్కు పోయిందా, నేను ఎనక పోత, జైల్ల ఏస్తే ఏయనీ. పోలేదా, నువ్వు చెప్పినట్టే అమ్మేస్త."

పూర్వం అడవికి పోయే రోజున అలాగే చేసేవాళ్లు. ఊరి చివర మూడు దారులు కలిసే చోట ముందటావును వదిలి, అది నడిచిన దారినే నడవడం ఆచారం. ఆ రోజు దాన్ని పిలవకూడదు, అదిలించకూడదు, మళ్లించకూడదు. అలివేలమ్మ సరేనంది. ఆ మాట మీద మొత్తం మంద బతుకు వేలాడుతోందని ఇద్దరికీ తెలుసు. కానీ కుర్మయ్యకు అనుమానమే లేదు.

అనుమానం వచ్చింది బాలయ్యకు. చెంచు మనిషి, అడవి లోపల పెంటలో, అంటే చెంచుల గూడెంలో ఉంటాడు. కుర్మయ్య మందతో పోయిన ప్రతి ఏడాదీ ఆయన గుడిసె పక్కనే పడుకునేవాడు. తేనె అమ్ముకోవడానికి దిగి వచ్చినవాడు సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"ఆ ఆవు ఎన్నడన్న అడివి సూసిందా కుర్మయ్యా?"

"దాని తల్లి సూసింది. తల్లి నడిచిన తొవ్వ పిల్లకు తెల్వదా?"

"తొవ్వ కడుపుల రాదు, కాళ్లల్ల వస్తది. ముసలి ఆవుకు గంట కట్టు."

"గంట కడుపుకే పోవాల" అన్నాడు కుర్మయ్య. "నువ్వు ఎన్నడన్న ఆవును సాదితివా?" అని కూడా అన్నాడు, కోపంగా. బాలయ్య తేనె సీసాలు సంచిలో సర్దుకుని వెళ్లిపోయాడు.

మృగశిరలో రెండు వానలు పడ్డాయి. ఆ పొద్దున పొడావుకు నీళ్లు పోసి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, కాళ్ల ముందు కొబ్బరికాయ కొట్టారు. మూడు తొవ్వల దగ్గరే మా బోరు, దాని కింద నారుమడి. కాలువ పుణ్యాన ఆ బోరు ఎండాకాలంలో కూడా పోస్తోంది. చుట్టూ నేల ఇంకా ఎర్రగానే ఉంది, నారు మాత్రం జానెడు లేచి కంటికి పచ్చగా కనబడుతోంది. నేను ముల్లుకర్ర పట్టుకుని గెట్టు మీద నిలబడ్డాను. చూద్దామని వచ్చాననుకోండి, కాపలాకు వచ్చాననుకోండి. అడవి తొవ్వలో కొంచెం దూరాన మధు బైకు ఆపుకుని ఉన్నాడు.

కుర్మయ్య తాడు విప్పి, వెనక్కి వచ్చి, మంద చివర నిలబడ్డాడు.

పొడావు కదల్లేదు. చెవులు ఆడించింది. గాలి అడవి మీది నుంచే వస్తోంది. మందలో ఒక ముసలి ఆవు మూతి పైకెత్తి అరిచింది. అది నాలుగడుగులు అడవి దిక్కు నడిచి, ఆగి, పొడావు వస్తోందా అని తిరిగి చూసింది. ఇంకో రెండు ఆవులు కూడా అటే మళ్లాయి. కుర్మయ్య పెదవులు కదులుతున్నాయి. ఒక్క పిలుపు పిలిస్తే ఆ ఆవు అటు పోయేదే, నాకు తెలుసు. ఆయన పిలవలేదు. పక్కనే అలివేలమ్మ, అమ్మెయ్యమని అరిచిన మనిషే, కొంగు నోట్లో కుక్కుకుని అడవి దిక్కే చూస్తోంది.

పొడావు మెడ తిప్పింది. గంట చప్పుడైంది. నేరుగా వచ్చి నా గెట్టు దాటి నారుమడిలోకి దిగింది.

నోటికొచ్చిన కేక అలవాటు కొద్దీ సగం బయటికి వచ్చింది, కర్ర కూడా లేచింది. అంతే, అక్కడితో ఆగిపోయాను. అడవి దిక్కు పోయిన ముసలి ఆవు కాసేపు అక్కడే నిలబడి, తల దించుకుని వెనక్కి వచ్చింది. దాని వెనక మిగతావి. ఎకరాల కొద్దీ నాటాల్సిన నారు నా కళ్ల ముందే పోతోంది.

కుర్మయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కొట్టు అల్లుడా" అన్నాడు. "నీ నారు."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అనడం మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, నారు గురించి మాత్రం కాదు. "మేయనీ మామా" అన్నాను.

ఆయన గెట్టు మీద చతికిలబడ్డాడు. నేను మందు కొట్టిన ఎండు గడ్డి మీదే. పొడావు మేస్తుంటే చూస్తూ, "బాగ ఆకలైనట్టున్నది" అన్నాడు. కొంతసేపటికి మళ్లీ, "దాని తప్పు లేదు. దానికి నేను అడవి సూపెట్టనేలే" అన్నాడు. మధు బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు. గెలిచినవాడి ముఖం మాత్రం కాదది.

ఆడిన మాట ప్రకారం వారం తిరక్కుండానే బేరం అయింది. రాయచూరు దిక్కు నుంచి పెద్ద వ్యాన్లు వచ్చాయి. సాదుకుంటామని వాళ్లన్నారు. నిజమేనా అని ఎవరూ గుచ్చి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

గంట విప్పుకో పెద్దాయనా అన్నాడు బేరగాడు. "అది దాని తల్లిది. నాది గాదు" అన్నాడు కుర్మయ్య.

వ్యానుకు చెక్క పలక వేశారు. పొడావు ఎక్కలేదు. అది ఎక్కకపోతే మిగతావేవీ ఎక్కవు. ఇద్దరు వెనక నుంచి తోశారు, ఒకడు తోక మెలిపెట్టాడు. అది ముందరి కాళ్లు నేలకు తన్నిపెట్టి వణుకుతోంది. బేరగాడి మనిషి కర్ర తీశాడు.

"కొట్టకు" అని కుర్మయ్య అతని చేతిలోంచి తాడు తీసుకున్నాడు. అలివేలమ్మ, "నువ్వొద్దు, నువ్వొద్దు" అంటూ అడ్డం పోబోయింది. ఆయన వినలేదు. పొడావు పక్క నుంచి ముందుకు వచ్చి, దానికి వీపు చూపించి, తాడు పట్టుకుని పలక మీద నడుస్తూ వ్యాను ఎక్కాడు.

పొడావు ఆయన వెనకాలే ఎక్కింది. దాని వెనక మంద మొత్తం ఎక్కింది. కుర్మయ్య ఆవుల మధ్య నుంచి తోసుకుంటూ ఒక్కడే కిందికి దిగాడు.