నా పేరు చెప్పినందుకు

నన్ను పిచ్చిదనే మాట మూడు భాషల్లో విన్నాను. ఇంట్లో, వాడకట్టులో పిచ్చిది. మా నాయిన పనిచేసే బండల గనిలో కన్నడం మాట్లాడే కూలీలు ఉండేవారు, వాళ్ల నోట హుచ్చి. తాండూరు బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్లకు పాగల్. ఎనిమిదేళ్లొచ్చేసరికి మూడూ అర్థమయ్యేవి నాకు. ఎవరు ఎట్లా పిలిచినా తల తిప్పేదాన్ని కాదు. అది కూడా పిచ్చి కిందే జమైంది.

నిజాం సర్కారు పోయిన యేడు మా రోడ్డు మీద మిలిటరీ లారీలు వరసగా పోయాయి. ఆ చప్పుడుకు నేను జొన్నల గుమ్మి వెనక దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదట. "గప్పుడే దడుసుకున్నది. అప్పటిసంది గిట్లయింది" అని నన్ను కన్న మా అవ్వ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. అది నిజం కాదు. అంతకు ముందు నుంచే నేను అట్లాంటిదాన్ని. ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేకపోయేదాన్ని. ఎవరన్నా హఠాత్తుగా ఏదైనా అడిగితే జవాబు దొరక్క, వాళ్ల ప్రశ్ననే తిరిగి వాళ్లకు అప్పజెప్పేదాన్ని. "ఏం తిన్నవే?" అంటే "ఏం తిన్నవే?" అనేదాన్ని, అచ్చం వాళ్ల గొంతుతోనే. వెక్కిరిస్తున్నాననుకుని పెద్దవాళ్లు చెంప మీద కొట్టేవారు. ఇట్లాంటి పిల్లలకు ఇప్పుడు డాక్టర్లు ఒక పేరు పెట్టారని ముసలితనంలో చదివి తెలుసుకున్నాను. అప్పట్లో అవ్వకు ఒక కారణం కావాలి. కడుపులో నుంచే ఇట్లా వచ్చిందంటే తప్పు తన మీదికి వస్తుంది. అందుకని లారీల మీద పెట్టింది.

నాయిన ఏ కారణమూ చెప్పేవాడు కాదు. గనిలో నాపబండలు చెక్కడం ఆయన పని. ఉలి దెబ్బలు వింటే నాకు పళ్లు జివ్వుమనేవి. కానీ చెక్కిన బండల మీద చెంప ఆనించి పడుకోవడం ఇష్టం. ఒకరోజు వేలి కణుపుతో బండల్ని ఒక్కొక్కటే కొడుతూ పోయి, ఒకదాని దగ్గర ఆగి, "ఇది పలిగింది" అన్నాను. పైకి ఏమీ కనబడలేదు. బండి మీదికి ఎత్తుతుంటే అది నడిమికి రెండు ముక్కలైంది. అప్పట్నుంచి నాయిన చెక్కిన ప్రతి బండనూ నాతో కొట్టించి విన్నాకే పక్కన పెట్టేవాడు. తోటి పనివాళ్లు మాత్రం, "నీ బిడ్డ చెప్తలేదు, దాని ఒంట్ల ఉన్న దయ్యం చెప్తున్నది" అనేవారు.

పద్నాలుగేళ్లకు నాకు పెళ్లి చేశారు. వికారాబాద్ స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో పొలాలున్న ఇల్లు వాళ్లది. పిల్లకు మాట తక్కువ, పని బాగా చేస్తుందని చెప్పి ఒప్పించారు. రెండూ అబద్ధం కాదు. ఆ ఇంట్లో అత్త, మామ, పెళ్లాం చనిపోయిన బావ, నా మొగుడు. నా మొగుడు చెడ్డవాడేం కాదు. పొద్దున్నే చేనుకు పోయి మాపటికి వచ్చేవాడు. నేను ఆయన వైపు చూడకుండా అన్నం పెడితే ఆయన కూడా నా వైపు చూడకుండా తినేవాడు. మా ఇద్దరికీ బాగానే ఉండింది.

గాజులే నా ప్రాణం తీశాయి. చేతికి డజను చొప్పున వేశారు. చెయ్యి కదిలితే చాలు, ఒకదాన్నొకటి రాసుకుని చెవిలో సూదులు గుచ్చినట్టుండేది. రొట్టె కొట్టేటప్పుడు మరీ నరకం. నెల రోజులు ఓర్చుకున్నాను. కొంగుతో మోచేతి దాకా కట్టుకుని పనిచేశాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఒక్కటి కూడా పగలకుండా, సబ్బు నురగ రాసి అన్నీ తీసేశాను. గూట్లో రంగుల ప్రకారం పేర్చాను. అట్లా బోసి చేతులతో కూర్చున్న కాసేపూ ఎంత హాయిగా ఉన్నదో చెప్పలేను.

అత్త చేను నుంచి వచ్చి చూసింది.

"ఏమే, నా కొడుకు బతికుండంగనే గాజులు తీస్తవా?"

నా నోట్లోంచి వచ్చింది ఆమె మాటే, ఆమె గొంతే. "నా కొడుకు బతికుండంగనే గాజులు తీస్తవా?"

అత్త రెండడుగులు వెనక్కి వేసింది. ఆ సాయంత్రానికల్లా వాడంతా తెలిసింది. తల్లిగారోళ్లు పిచ్చిదాన్ని అంటగట్టారని కొందరన్నారు. కాదు, దీనికి గాలి సోకిందని ఇంకొందరన్నారు. మామ రెండో మాటనే పట్టుకున్నాడు. పిచ్చికి మందు లేదు, గాలికైతే మంత్రగాడున్నాడు.

ఇక్కడ నా తోడికోడలి సంగతి చెప్పాలి. బావ పెళ్లాం నేను ఆ ఇంటికి రావడానికి రెండేళ్ల ముందే చేనుకాడి బావిలో పడి చనిపోయింది. ఆమె పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. పక్కింటామె బిందె దించుకుంటూ ఒకసారి చెప్పింది. "మంచిపిల్లే. తనలో తను మాట్లాడుకునేది, ఊకె నవ్వేది. మీ అత్త పిచ్చిది పిచ్చిది అని ఊరంత చెప్పింది. ఆఖరికి గట్లయింది." పేరు కూడా చెప్పింది. నాకు ఒకసారి విన్నది పోదు.

ఒక ఆదివారం పొద్దున నన్ను ఎడ్లబండి మీద కోట్‌పల్లి దిక్కు ఒక ఊరికి తీసుకుపోయారు. అత్త, మామ, నా మొగుడు, వాళ్ల చుట్టాలు నలుగురు. మంత్రగాడి ఇంటి ముందు ముగ్గేసి నన్ను నడుమ కూర్చోబెట్టారు. ముఖం ముందు మిరపకాయల పొగ పెట్టారు. దగ్గి దగ్గి కళ్లు కనబడకుండా పోయాయి. మంత్రగాడు జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు.

"ఎవరు నువ్వు?"

భయంతో నా నోరు ఆ ప్రశ్ననే పట్టుకోబోయింది. అట్లా అంటే కొడతారని తెలుసు. బలవంతాన ఆపుకుని, కూడబలుక్కుని, నా పేరు చెప్పాను.

వేపకొమ్మతో కొట్టాడు. "ఎవరు నువ్వు?"

మళ్లీ నా పేరే చెప్పాను, ఈసారి నాయిన పేరుతో కలిపి.

"ఏ ఊరు?"

"తాండూరు."

"ఎందుకొచ్చినవ్?"

"పెండ్లి చేసిండ్రు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వు వినగానే మంత్రగాడికి కోపం వచ్చింది. పొయ్యిలో నుంచి ఎర్రగా కాలిన ఇనుప సీకు తీసి నా పిక్క మీద పెట్టాడు. ఆ కాలిన వాసన నా ఒంటిదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది. నా మొగుడు లేచి గోడ పక్కకు పోయాడు. ఆయన వీపు కనబడుతూనే ఉంది. తిరిగి ఇటు చూడలేదు.

అప్పటిదాకా నాకొక నమ్మకం ఉండేది. నిజం చెప్తే అడిగినవాళ్లు ఆగుతారని. నేను చెప్పినవన్నీ నిజాలే, ఆయన ఆగడం లేదు. సీకు మళ్లీ పొయ్యిలో పెట్టాడు. అంటే ఆయనకు ఇంకేదో పేరు కావాలి. బతికున్నవాళ్ల పేరు కాదు. చనిపోయిన ఆడమనిషి పేరు నాకు తెలిసింది ఒక్కటే.

ఆ పేరు చెప్పాను.

నవ్వినవాళ్లంతా లేచి వెనక్కి జరిగారు. ఆ పేరు ఎవరిదని మంత్రగాడు మామ వైపు చూశాడు. అంతలో అత్త ముందుకొచ్చింది.

"ఎందుకొచ్చినవే?" అని అడిగింది.

ఈసారి ఆపుకోలేకపోయాను. "ఎందుకొచ్చినవే?" అన్నాను, ఆమె గొంతుతోనే.

అత్త కూలబడిపోయింది. నా కాళ్లు పట్టుకుంది, కాలిన చోట కూడా. "నీకు పిచ్చని నేనే అందరికి చెప్పిన బిడ్డా. నువ్వు తల్లిగారింటికి పోత అంటే పోనియ్యలే. తలుపు బయట గొళ్లెం పెట్టింది నేనే. నా కొడుకుల జోలికి రాకు, నన్ను కొట్టు" అని అంతమంది ముందూ ఏడ్చింది. మామ ఆమెను రెక్క పట్టుకుని లేపి, నోరు మూయమని అరిచాడు. మంత్రగాడు గబగబా నిమ్మకాయ కోసి, దిగిపోయిందన్నాడు.

వారం తిరగకుండానే నా మొగుడు నన్ను రైలెక్కించి తాండూరు తీసుకొచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు. "మా అవ్వ బయపడుతున్నది. కొన్నొద్దులు ఉంచుకోండ్రి" అని నాయినతో చెప్పి పోయాడు. మరుసటి యేడు ఆయనకు మర్పల్లి సంబంధం చేశారని ఎవరో చెప్తే తెలిసింది.

అవ్వ నా పిక్క చూసి ఏడ్చింది. తర్వాత, "జర అందరిలెక్క ఉంటే ఏమైతుండెనే నీకు?" అంది. మూడోనాడు నాయిన నా పక్కన కూర్చుని, "గాజులు నొప్పి పెట్టినయా బిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను. "మల్ల ఎయ్యకు" అన్నాడు. నన్ను అట్లా అడిగిన మనిషి అంతకు ముందూ లేరు, ఆ తర్వాతా లేరు.

కానీ ఆయన దగ్గర కూడా నాకు నీడ దొరికిందని చెప్పలేను. మా చెల్లెలికి వచ్చిన సంబంధాలు రెండు నా మూలంగానే తప్పిపోయాయి. మూడోసారి చూడవస్తామన్నప్పుడు అవ్వ నన్ను పశువుల కొట్టంలోకి పంపి బయట గొళ్లెం పెట్టింది. లోపల గడ్డి మీద కూర్చుని నేను ఆ తోడికోడలి గురించి ఆలోచించాను. చనిపోయినదాన్ని నా దెబ్బలు తప్పించుకోవడానికి వాడుకున్నాను. ఆమె పేరును ఆ ఇంట్లో దయ్యం పేరు చేసింది నేనే. ఆమె ముఖం ఎట్లా ఉండేదో కూడా నాకు తెలియదు.

ఆ సంబంధం కుదిరింది. పెళ్లిలో నన్ను ఎవరికీ చూపలేదు. అత్తగారింట్లో చెల్లె తనకు అక్క లేదని చెప్పుకుంది. నాయిన ఉన్నన్నాళ్లూ గనికి పోయి బండలు విన్నాను. రాతి దుమ్ము ఆయన రొమ్ములో చేరింది. రెండేళ్లు దగ్గి దగ్గి పోయాడు. ఆయన పోయాక గనిలోకి నన్ను రానివ్వలేదు. అవ్వతో కలిసి కందులు విసిరే పనికి పోయేదాన్ని. చెల్లె చదివి వదిలేసిన బడి పుస్తకాలు ముందేసుకుని ఆ రోజుల్లోనే అక్షరాలు పట్టాను.

నా పెళ్లయి పదేళ్లు దాటాక, ఒక చుట్టం చావుకు పోయి వస్తూ అవ్వా నేనూ వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం కూర్చున్నాం. ఎండ నిండుగా ఉంది. ఒక ముసలామె మా ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మూడోసారి ఆగింది. మనిషి సగమై పోయింది. గొంతు విన్నాకే మా అత్త అని గుర్తుపట్టాను.

బాగోగులు ఏమీ అడగలేదు. నా ముందు కూర్చుని, మెల్లగా, "ఒక్క మాట నిజం చెప్పు. గా దినం వచ్చింది ఆమేనా?" అంది.

నేను నేల వైపు చూస్తూ ఉన్నాను.

"నేను ఏడాదికోపారి బావికాడ దీపం పెడుతున్న. ఆమె పేరు మీద ఒక్కపొద్దు ఉంటున్న. నాకు మాఫీ దొరికిందో లేదో తెల్వది. నీకు తెలుసు గద, చెప్పు."

అవ్వ నా చెయ్యి గిల్లింది. ఏం చెప్పాలో ఆ గిల్లుడులోనే ఉంది. నాకు అర్థమైంది కూడా. కానీ అడిగింది నిజం.

"రాలే" అన్నాను. "దెబ్బలకు తాళలేక పేరు చెప్పిన. పక్కింటామె చెప్తే తెలిసింది. ఎవ్వరు రాలే."

అత్తకు ఊపిరి తేలికవుతుందేమో అనుకున్నాను. ఆమె లేచి నిలబడింది. "నీకేం తెలుసే? పిచ్చిదానివి" అంది. స్టేషన్ బయటికి నడిచిపోయింది. ఆమె మమ్మల్ని చూసే ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని, బండి ఎక్కడానికి కాదని అప్పుడు తెలిసింది.

తాండూరులో బండి దిగాక అవ్వ అంది. "వచ్చింది, నిన్ను మాఫీ చేసింది అంటే నీ సొమ్మేం పోతుండె? ముసల్ది నిమ్మలంగ చస్తుండె."

అవ్వ చెప్పింది తప్పనలేను. ఆ ఒక్క మాట ఆమెకు చెప్పి ఉండవలసిందా అని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. చెప్పి ఉంటే, బావిలో పడిన ఆ పిల్ల తరఫున మాఫీ ఇవ్వడానికి నేనెవర్ని అనే ప్రశ్న మిగిలేది. అత్త తర్వాత ఎన్నాళ్లు బతికిందో మాకు ఎవరూ కబురు చేయలేదు.