అట్ట మీద లేని అక్షరాలు

కళ్ళు పరీక్ష చేసి అద్దాలు అమర్చే మనిషికి లోకం మీద ఒక ధీమా ఉంటుంది. ఎదుటివాడు మసకలో తడుముకుంటూ వస్తాడు. వాడి ముక్కు మీద ఇనపఫ్రేము పెట్టి, గాజుబిళ్ళ ఒకటి తీసి ఒకటి వేస్తూ "ఇప్పుడు? మరి ఇప్పుడు?" అని అడుగుతూ పోతే, ఏదో ఒక బిళ్ళ దగ్గర మసక విడిపోతుంది. ఆ క్షణాన పెద్ద పెద్దవాళ్ళు కూడా నోరు తెరుస్తారు. చెట్టుకు ఆకులు విడివిడిగా ఉంటాయన్న సంగతి ఆ పూటే తెలిసినట్టు వీధిలోకి చూస్తారు. ఏళ్ళ తరబడి ఆ ముఖాలు చూసీ చూసీ, వీధి వీధంతా అద్దాలాయన అని పిలిచే ఆ మనిషికి ఒక నమ్మకం పాతుకుపోయింది: నిజమనేది సరైన బిళ్ళ పడితే కనపడి తీరే వస్తువు. కనపడలేదూ అంటే బిళ్ళయినా తప్పు కావాలి, మనిషయినా మొండివాడు కావాలి.

ఆ మొండివాడు ఇంట్లోనే దొరికాడు. సొంత అక్క మొగుడు.

బావ టెలిఫోన్ లైన్‌మాన్‌గా చేసి రిటైరయినవాడు. స్తంభాలెక్కీ ఎక్కీ మోకాళ్ళు అరిగాయి గానీ నాలుక అరగలేదు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఇంకా ఆలస్యం చేస్తే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు తిరిగి రాకుండా పోవచ్చని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పేసింది. బావ ససేమిరా అన్నాడు. పొర తీసేసి దాని చోట పెట్టే లెన్సులో ఏదో ఉంటుందట. మనం చూసేదంతా మనతో పాటు ఇంకెవరో ఎక్కడో కూర్చుని చూస్తారట. పేపర్లో రాయరు, ఎందుకంటే రాయనివ్వరు. డాక్టర్లు చెప్పరు, ఎందుకంటే వాళ్ళకే చెప్పరు.

ఒకనాడు అక్క షాపుకొచ్చి స్టూలు మీద కూలబడింది. వేడి గిన్నె కనపడక ఆయన వట్టి చేత్తో పట్టుకున్నారనీ, చెయ్యి కాలినా పైకి చెప్పకుండా జేబులో పెట్టుకు తిరిగారనీ చెప్పి కళ్ళు ఒత్తుకుంది. "లోకంలో అందరికీ చూపిస్తావు కదరా తమ్ముడూ, మీ బావకి చూపించలేవా?" అంది.

ఆ మాట అద్దాలాయనకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాటి నుంచి పట్టు బిగించాడు. బావ రోజూ పొద్దున్నే షాపుకొచ్చి, రైలుపెట్టెలాంటి ఆ పొడుగాటి గదిలో ఒక మూల కూర్చునేవాడు. ఒకప్పుడు పేపరు చదివేవాడు, ఇప్పుడు చదివించుకుని వినేవాడు. వాదం అక్కడ మొదలయ్యేది. బిళ్ళకి కరెంటు ఎక్కడిది, బ్యాటరీ మీ ముక్కులో పెడతారా, అయినా మీరు చూసేదేముందని, అక్క ఎండబెట్టిన చీరలూ ఎదురింటి గోడా తప్ప అని అద్దాలాయన ఎత్తిపొడిచేవాడు. కళ్ళు చూపించుకోడానికి వచ్చినవాళ్ళు కిసుక్కున నవ్వేవారు. బావ మాత్రం గొంతు తగ్గించి, "నవ్వు, నవ్వు. నవ్వేవాడి వెనకాలే ఎవడో ఒకడు రాసుకుంటూ కూర్చుంటాడు" అనేవాడు.

విచిత్రమేమిటంటే ప్రతిరోజూ అద్దాలాయనే గెలిచేవాడు, ప్రతి మర్నాడూ బావ నమ్మకం ఇంకాస్త బలిసి వచ్చేది. రుజువేదీ అంటే, దొరక్కుండా దాచారంటే ఎంత పెద్దవాళ్ళో చూడు అనేవాడు. కోట మీద విసిరిన ప్రతి రాయినీ ఏరుకుని లోపలివాళ్ళు గోడ ఎత్తు పెంచుకున్నట్టుండేది యవ్వారం.

తాడును చూసి పామనుకుని పరుగెత్తినవాడి కథ లోకంలో అందరూ చెప్పుకుంటారు. పామును చూసి తాడేలే అని పక్కకు తిరిగి పడుకున్నవాడి కథ మాత్రం ఎక్కడా వినపడదు. చెప్పడానికి వాడు మిగిలితే కదా. అనుమానం మనిషికి ఊరికే అంటుకున్న జబ్బు కాదు. పరుగెత్తినవాళ్ళ పిల్లలమే మనమందరం. సముద్రం మీద నెలల తరబడి తిరిగిన నావికులు మబ్బుల్లో కొండలు చూశారు, చెట్లు చూశారు, ఆ కొండలకు పేర్లు కూడా పెట్టారు. ఎడారి దారుల్లో ఒంటెలు తోలేవాళ్ళు లేని నీటిలో అలలు కదలడం చూశారు. వాళ్ళెవరూ అబద్ధాలకోర్లు కారు. కన్ను చూడాల్సిందాన్ని మనసు ముందే చూసి పెట్టింది, అంతే. ఇదంతా అద్దాలాయనకు తెలియని విషయం కాదు. అయితే అవి నావికుల సంగతులనీ, ఒంటెలవాళ్ళ సంగతులనీ, బావలాంటివాళ్ళ సంగతులనీ ఆయన అనుకున్నాడు.

షాపు తెరవగానే ఆయనకు ఒక అలవాటుంది. నేర్పిన గురువు పెట్టిన అలవాటు: పదిమంది కళ్ళు చూసేవాడు ముందు తన కళ్ళు చూసుకోవాలి. నేల మీద గీసిన గీత దగ్గర నిలబడి, ఎదుటి గోడకు వేలాడే అక్షరాల అట్టను, కుడికన్ను మూసి ఎడమకంటితో కింది వరస దాకా చదివేవాడు. తర్వాత ఎడమది మూసి కుడికంటితో. తప్పు పోయిన రోజు లేదు. అందుకే ఈ వయసులోనూ నా చూపు పదహారేళ్ళ పిల్లాడి చూపని బావ ముందు మీసం తిప్పుకునేవాడు.

ఆ రోజు బావ మామూలుకంటే ముందే వచ్చాడు. వెనకాలే అక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. అద్దాలాయన కుడికన్ను అరచేత్తో మూసుకుని గడగడా చదువుకుపోయాడు. కింది వరసకొచ్చి, "గ, ప, ర, న, ల, ద" అని ముగించాడు.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడు కుడికన్ను తెరువు బావమరిదీ" అన్నాడు.

తెరిచాడు. అట్ట కింది వరస మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద నల్లటి సిరాతో, అక్క చేతిరాతలో, "చ, ట, మ, బ, స, క" అని ఉంది. గ లేదు. ప లేదు. ర లేదు. మళ్ళీ కుడికన్ను మూశాడు. ఇప్పుడు ఎడమకంటికి అక్కడ అక్షరాలే లేవు, తడిసిన చీమల బారులాంటి మరకొకటి ఉంది. ఇందాక అదే కంటితో అదే చోట గ చూశాడు. ఊహించలేదు, చూశాడు. దాని వంపు చూశాడు, అంచుల పదును చూశాడు.

"ఇది కుట్ర" అన్నాడు.

"లోకంలో కుట్రలే లేవన్నావుగా" అన్నాడు బావ.

"కాగితం కత్తిరించింది ఆయన, రాసింది నేను. నిన్న షాపు తాళం మా ఇంట్లోనే పెట్టి వెళ్ళి, ఇవాళ పొద్దున్న పట్టుకెళ్ళావుగా" అంది అక్క. ఈమధ్య తమ్ముడు మెట్టు దిగేటప్పుడు కాలితో తడుముకోవడం ఆమె కంట పడిందట. మొగుడితో అంటే, వాడేం చెప్పినా నమ్మకు, పరీక్ష మనం పెడదాం అన్నాడట.

అద్దాలాయన కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. బావ పక్కకొచ్చి, తడుముకుంటూ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"లైను టెస్టు చేసేటప్పుడు మేం అవతలివాణ్ణి వినపడుతోందా అని అడగం రా. అడిగితే ఆఁ అంటాడు. వాడికి ఇంటికెళ్ళాలని ఉంటుంది. అందుకని స్తంభం మీంచి కనపడేదేదో చెప్తాం. మేడ మీద ఎర్ర దుప్పటి ఆరేశారు, దాని కింద పిల్లి పడుకుంది అని. అది వాడు తిరిగి చెప్తే లైను బతికున్నట్టు. ముందే తెలిసిన మాట అడిగావనుకో, పలికేది వైరు కాదు, వాడి బుర్ర. నువ్వు ఇన్నాళ్ళూ పొద్దున్నే నీ బుర్రకే ఫోను చేసుకుంటున్నావు."

ఆ పూటంతా అద్దాలాయన షాపులో పని సాగలేదు. కన్ను మూయడం, తెరవడం, అట్ట చూడడం. మంచి కంట్లో కూడా వెనక నరం బయటికి పోయే చోట చూపులేని చుక్క ఒకటి ఉంటుందని ఆయన చదువుకున్నాడు. ఆ చుక్క ఎవరికీ కనపడదు. చుట్టూ గోడ ఉంటే మనసు అక్కడ గోడ పూస్తుంది, ఆకాశం ఉంటే ఆకాశం పూస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ చచ్చేదాకా ప్రతి మనిషీ రెండు చిల్లులు మోసుకు తిరుగుతూ, లోకం నిండుగా ఉందని ప్రమాణం చేస్తాడు. చదివినప్పుడు అది పరీక్షలో రాసే జవాబు. ఇప్పుడు ఒళ్ళు జలదరించింది. మోసగాడు లేకుండానే ఇంత నగిషీగా జరిగే మోసం ఇంకొకటి ఉంటుందా? ఇంకా ఏమేం అక్షరాలు ఇలా చదువుతున్నానో అనుకున్నాడు.

బావ చదివే అట్ట కూడా అలాంటిదే కదా, ఏం చూపించినా కంఠతా వచ్చిన ఆ ఒక్క వరసే చదువుతాడు కదా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంటే గెలిచేవాడే. మింగేశాడు. ఊళ్ళోవాళ్ళందరినీ "ఇప్పుడు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడే తను, బావని మాత్రం ఇన్నాళ్ళలో ఒక్కసారీ అలా అడగలేదని తోచింది.

"ఆ లెన్సంటే మీకెందుకంత భయం బావా?" అన్నాడు. ఈసారి జేబులో జవాబు పెట్టుకుని అడగలేదు.

బావ స్టూలు తడుముకుని కూర్చున్నాడు. తర్వాత ఎన్నడూ చెప్పని సంగతి చెప్పాడు. ఉద్యోగంలో కొత్త. ఒక ఫ్యాక్టరీలో సమ్మె జరుగుతోంది. పనివాళ్ళ సంఘం నాయకుడికి అనుమానం వచ్చి, మా ఫోను ఎవరైనా వింటున్నారా అని ఎక్స్ఛేంజికొచ్చి అడిగాడు. ఆఫీసరు కుర్చీ వేయించి, మంచినీళ్ళిప్పించి, ఏమీ లేదు, అసలు అలాంటిది సాధ్యమే కాదని నవ్వుతూ చెప్పాడు. పక్క గదిలో వైర్లన్నీ కలిసే జంక్షన్ పెట్టె తెరిచే ఉంది. ఆ సంఘం వైరు మీద ఇంకో వైరు కూర్చుని ఉండడం బావ కళ్ళారా చూశాడు. నాయకుడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఆ ఆఫీసరు ముఖంలో అబద్ధం చూద్దామని ఎంత వెతికానో. లేదురా. అద్దంలా ఉంది. అప్పట్నుంచి ఎవడైనా 'ఏమీ లేదు' అని గట్టిగా అంటే నాకు ఆ పెట్టే కనపడుతుంది. నువ్వూ రోజూ అదే మాట అంటావు, అదే నవ్వు నవ్వుతావు."

అద్దాలాయన ఆ రోజు వాదించలేదు. మర్నాడూ వాదించలేదు.

ఆయన ఎడమకంట్లో ఉన్నదీ శుక్లమే. ఆ వారంలోనే చేయించుకున్నాడు. కట్టు విప్పాక మొదట కనపడింది ఆసుపత్రి గోడ. అది నీలం దిగిన తెలుపు, పిండారేసిన బట్టంత తెలుపు. కుడికంటితో చూస్తే అదే గోడ పాత పుస్తకం కాగితం రంగు. బాగుందనుకున్న ఆ కన్ను కూడా ఎంతో కొంత పసుపెక్కిందన్నమాట. ఏ రోజు మొదలయిందో, ఏ రోజు తెలుపు పసుపయిందో ఒక్కనాడూ చెప్పలేదు మనసు. ఎదురింట్లో పూసిన పువ్వులు ఊదారంగని తెలిసి, పిచ్చివాడిలా గేటు పట్టుకుని నిలబడిపోయాడు.

బావ వచ్చి వివరాలన్నీ అడిగాడు. తలలో ఏమైనా మోత ఉందా, ఎవరైనా కొత్తవాళ్ళు పలకరిస్తున్నారా అని కూడా అడిగాడు. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు అద్దాలాయన. చివరికి బావ, "లోపల ఏమీ లేదంటావు" అన్నాడు.

"నాకు తెలిసినంతలో లేదు బావా. అంతకు మించి తెలియదు. తెలుసనుకున్నవాటి గతి చూశారుగా."

 రెండు రోజులాగి బావ, ఆ డాక్టరమ్మని ఒకసారి చూస్తానన్నాడు. చూస్తానన్నాడే గానీ చేయించుకుంటానన్లేదు.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, మాట నిదానం. పెట్టబోయే లెన్సు చూపించమన్నాడు బావ. ఆమె నమూనాది ఒకటి పళ్ళెంలో పెట్టి, పెద్ద భూతద్దం కింద జరిపింది. కందిపప్పులో సగమంత బిళ్ళ, దానికి వెంట్రుకల్లాంటి రెండు కాళ్ళు. బావ మిగిలిన కాస్త చూపూ కూడదీసుకుని దాని మీద వంగాడు. కరెంటు గురించీ బ్యాటరీ గురించీ చెప్పడానికి అద్దాలాయన నోరు దురద పెట్టింది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇందులో ఏముందో మీకు తెలుసామ్మా?" అన్నాడు బావ.

"దీన్ని తయారుచేసింది నేను కాదు పెద్దాయనా. ఎలా పెట్టాలో తెలుసు, పెట్టాక ఏమవుతుందో తెలుసు. మా అమ్మకి నా చేత్తోనే పెట్టాను. మీరు భయపడేది ఇందులో ఉంటుందని నేననుకోను. అయితే లోపలంతా విప్పి చూశానని చెబితే మాత్రం అబద్ధమవుతుంది."

"ఎప్పుడైనా మీ చేతిలో తప్పు జరిగిందా?"

"జరిగింది" అని, ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం మార్చుకుందో చెప్పింది. నవ్వలేదు.

 అద్దాలాయన అక్క చేతిని పట్టుకున్నాడు. బావ భూతద్దం ముందు నుంచి లేచి, రెండు చేతులతో చొక్కా గుండీలు వెతుక్కుంటూ, "ఆపరేషనుకి ఇక్కడే విప్పాలా, లోపలా?" అన్నాడు.

బావ నమ్మకం మారలేదు. ఆ సంగతి మొహం మీద రాసినట్టే ఉంది. నమ్మకం మారకుండానే మనిషి కాళ్ళు ముందుకు నడవడం అద్దాలాయన అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్ళూ తను మార్చాలని చూసింది ఒకటి, దారికి అడ్డంగా ఉన్నది ఇంకొకటి. వసారాలో బెంచీ మీద కూర్చుని, మూసి ఉన్న ఆ తలుపు వైపు, గుడి ముందు నిలబడ్డవాడిలా చూస్తూ ఉండిపోయాడు.

కట్టు కన్నుతో బావని బయటికి తీసుకొచ్చారు. అక్క ఎదురెళ్ళి జబ్బ పట్టుకుంది. ఎలా ఉందని అద్దాలాయన అడిగాడు.

"చూస్తే చూడనీరా" అన్నాడు బావ నింపాదిగా. "రేపట్నుంచి నేను గిన్నెలు తోముతుంటే వాళ్ళూ చూస్తారు. రెండు రోజుల్లో విసుగొచ్చి వాళ్ళే కట్టేసుకుంటారు."

"ఏనాడు తోమారు కనక" అంది అక్క, ఏడుస్తూ నవ్వుతూ.

"తోముతాను. పాపం వాళ్ళకీ ఏదో ఒకటి చూపించాలిగా" అని, బావమరిది ఉన్న వైపు తల తిప్పి, "రెండో కంటికి ఎప్పుడు రమ్మంటారో అడిగిరా" అన్నాడు.