మసిమనిషి ముఖం

క్లీవ్‌లాండ్‌లో మా పక్కింటి జీన్ హుడాక్ ఒకప్పుడు కామిక్స్‌కి సిరాగీతలు గీసేవాడు. కథ, పెన్సిల్ బొమ్మలు అతని స్నేహితుడు లియోన్ వాస్కోవి. వాళ్ల కామిక్ హీరో మసిమనిషి మంచివాడేం కాదు, మంటల్లో సొంత తమ్ముణ్ణి వదిలేసి పారిపోయినవాడు. అతని వెల్డింగ్ ముసుగు వెనక ముఖాన్ని ఇరవయ్యేళ్లూ ఎవరికీ చూపించలేదు. "వాడు తలెత్తుకోలేడు జీన్. గీయకు" అనేవాడట లియోన్.

లియోన్ పోయాక సినిమా వచ్చింది. చివర్లో మసిమనిషి ముసుగు తీసి, బోరున ఏడ్చి, మంచివాడైపోతాడు. సినిమా వారం కూడా ఆడలేదు. అభిమానులంతా డైరెక్టర్ని దుమ్మెత్తిపోశారు. జీన్ కూడా.

మొన్న శనివారం మధ్యాహ్నం మా వీధి లైబ్రరీలో ఆ సినిమా వేశారు. ఇలాంటి సినిమాలకి జనం నవ్వుకోవడానికే వస్తారు. కాగితపు పళ్లేలకి కళ్లు కత్తిరించి ముసుగుల్లా పెట్టుకున్నారు. ముసుగు తీసే సన్నివేశం రాగానే వాటిని తెరమీదికి విసిరారు. ఆ గోలకి నా నాలుగేళ్ల కూతురు ఎక్కడ జడుసుకుంటుందోనని దాని చెవులు మూశాను. అది మాత్రం పళ్లెం కావాలని పేచీ పెట్టింది. ముందు వరసలో లియోన్ భార్య ఐరీన్ ఒళ్లో వాల్‌నట్ రొట్టె పెట్టెతో కదలకుండా కూర్చుంది. జీన్ తన బూట్ల వైపు చూస్తున్నాడు.

దీపాలు వెలిగాక బస్సు డ్రైవర్ మార్టీ లేచాడు. "జీన్ గారూ, ఆ ముసుగు తీయించిన గాడిద ఎవడండీ అసలు?"

ఇంకెప్పుడైనా అయితే జీన్ డైరెక్టర్ మీద ఓ జోకు వేసేవాడు. ఈసారి ఐరీన్ వైపు చూశాడు.

"నేనే. ముఖం గీసిస్తారా అని సినిమావాళ్లు అడిగారు. ఆ సాయంత్రమే గీసిచ్చాను. ముసుగు తీసే సీను దాని కోసమే రాసుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. అప్పటికి ఇరవయ్యేళ్లుగా ఆ ముఖం గీయాలని నా చెయ్యి దురద."

జోకనుకుని కొందరు నవ్వారు. అతని ముఖం చూసి ఆపేశారు.

ఐరీన్ లేచి నిలబడింది. "మా వంటింట్లో కూర్చుని పదిహేనేళ్లు ఆ డైరెక్టర్ని తిట్టావు. నీ మాట నమ్మి అతనికి ఫోన్ చేసి మరీ దులిపేశాను. ఏమన్నాడో తెలుసా?"

"తెలీదు."

"క్షమించమ్మా అన్నాడు. నీ పేరు ఎత్తలేదు."

జీన్ వంగి, నేలమీద పళ్లేలు ఏరడం మొదలుపెట్టాడు.

"అవి పిల్లలు ఏరతార్లే. ఆ డైరెక్టర్ నంబరు ఇంకా నా దగ్గరుంది. పద ఇంటికి, నా ఎదురుగానే మాట్లాడు."

మా దారీ అదే కావడంతో, పాపని ఎత్తుకుని వాళ్ల వెనకే నడిచాను. మలుపు దగ్గర జీన్ చెయ్యి చాచాడు.

"ఆ పెట్టె ఇలా ఇవ్వు ఐరీన్, నేను మోస్తాను."

"వద్దు. నువ్వు ముందు ఏం చెప్పాలో చూసుకో."

జీన్ తల దించుకుని ఆమె వెనకే ఆమె ఇంటి మెట్లెక్కాడు.