రాయమల్లు చెప్పిన షరతు

హన్మకొండలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రాయమల్లుకు అడగని వాడికి కూడా సలహా చెప్పే జబ్బు ఉండేది. గిన్నె కొనడానికి వచ్చినవాడు ప్లాటు సంగతి ఎత్తితే చాలు, గిన్నె పక్కకు పోయేది. “ఎండకాలంల ప్లాటు సూడకు. నాలుగు దినాలు ముసురు వట్టినంక గొడుగేస్కొని పో. నీళ్లు యాడ నిలుస్తయో అదే అసలు నక్ష,” అనేవాడు. “కిరాయి కాయితం పదకొండు నెలలకే రాయించు. కరెంటు మీటరు ఎవలది వాళ్లకే ఉండాలె.” చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఈయన మాట విని బాగుపడినవాళ్లు పరకాల దాకా ఉన్నారు. అది ఒప్పుకోవాలి.

ఆఖరి సలహా మాత్రం గొంతు తగ్గించి చెప్పేవాడు. “మంచం వట్టిన మనిషి ఉన్నోళ్లకు కిరాయికి ఇయ్యకు. పానం మీదికొస్తే గేటు లోపలికి రానియ్యనని ముందుగాల్నే చెప్పు. కిరాయింట్ల పీనుగ లేసిందంటే మళ్ల ఎవ్వడు దిగడు.”

చెప్పడమే కాదు, చేసి చూపించాడు కూడా. ఆయన పాత ఇంటి వెనక గదుల్లో ఆటో నడిపే భానుచందర్ తల్లి మొగిలమ్మతో కిరాయికి ఉండేవాడు. ఆమె దవాఖానలో పోతే, శవాన్ని తెచ్చిన బండిని రాయమల్లు గేటు దగ్గరే ఆపాడు. గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, సందులో టెంటు వేసుకొమ్మన్నాడు. ఆ రోజు ఒకటే వాన. టెంటు ఒక పక్క కారుతూనే ఉంది. రాయమల్లు భార్య శోభారాణి గోడ మీద నుంచి వాళ్లకు దుప్పటి అందించి, లోపలికి వచ్చి మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక్కటే అన్నది. “మనకు ఇల్లున్నదని గదా నీ ధీమా.”

నెల తిరక్కుండా భానుచందర్ గదులు ఖాళీ చేశాడు.

రెండేళ్లకు రాయమల్లు ఆ ఇల్లు పడగొట్టి నాలుగు అంతస్తులు లేపడం మొదలుపెట్టాడు. పిల్లలు లేని మొగుడూ పెళ్లాలు. పని అయ్యేదాకా పక్క వీధిలో తిరుమల ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఆ తిరుమల రాయమల్లు సలహాతోనే ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నవాడు.

మూడో స్లాబు పడ్డ వారానికి శోభారాణికి కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగించారు. తీరా చూస్తే లివర్లో గడ్డ అన్నారు. రెండు నెలలకు డాక్టర్లు చేతులెత్తేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

“నన్నీడ ఉంచకు. ఇంటికి తీస్కపో,” అన్నది శోభారాణి, మొగుడి చొక్కా పట్టుకొని. ముప్పై ఏళ్లలో ఆమె నోరు తెరిచి అడిగినవి చాలా తక్కువ.

అంబులెన్సు ఎక్కించి రాయమల్లు తిరుమలకు ఫోన్ చేశాడు.

“కాకా, నీ కాల్మొక్త. పై పోర్షనోళ్లు ఖాళీ చేస్తమంటాండ్రు. నువ్వే చెప్పినవ్ గదనే, గేటు కాన్నే ఆపాలె అని. నేనెట్ల రానియ్యాలె?”

రాయమల్లు ఫోన్ పెట్టేశాడు. తను నేర్పిన పాఠాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పినవాణ్ని ఏమని తిడతాడు?

బండిని తన కట్టడం దగ్గరికే పోనిమ్మన్నాడు. పాత గేటు ఇంకా అలాగే ఉంది, ఆ పూట పని లేక తాళం వేసి. పని చేయిస్తున్న మేస్త్రి రమాకాంత్, రాయమల్లు దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. “సేటూ, గృహప్రవేశం గాని ఇల్లు. ఈడ ఏదన్న అయితే రేపు పోర్షన్లు ఎవలు తీసుకుంటరు?”

రాయమల్లు జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తగిలింది. తియ్యలేదు. అబద్ధమెందుకు, ఆ ఘడియలో కూడా ఆయన కళ్ల ముందు ఎనిమిది పోర్షన్లు టు-లెట్ బోర్డులతో ఖాళీగా కనిపించాయి. ఛీ, ఏం మనిషి అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది. అయినా కాళ్లు కదల్లేదు.

దవాఖాన ముందు ఆటో స్టాండులో సంగతి విని భానుచందర్ వెనకే వచ్చాడు. అంబులెన్సు అద్దంలోంచి శోభారాణిని చూసి, రాయమల్లు దగ్గరికి నడిచాడు.

“గేటు నీదే గద మామా. ఇంక ఎవలను అడగాలె?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

రాయమల్లు తాళం తీశాడు. తాళంచెవి రెండుసార్లు కింద పడింది. సెంట్రింగు కర్రల మధ్య, సిమెంటు సంచుల పక్కన భానుచందర్ చాప పరిచాడు. వెనక్కి వచ్చి అంబులెన్సు తలుపు తెరిచేసరికి శోభారాణి కళ్లు గేటు వైపే తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

“లోపలికి తేండ్రి,” అన్నాడు రాయమల్లు. డ్రైవరు రమాకాంత్ వైపు చూశాడు. ఇంకోసారి అన్నాడు, ఈసారి ఏడుస్తూ. భానుచందర్ స్ట్రెచర్ అందుకున్నాడు.

ఇప్పుడు ఎవరైనా ప్లాటు సంగతి ఎత్తితే రాయమల్లు గిన్నె ధర చెప్పి ఊరుకుంటాడు. ఇల్లు పూర్తయింది గానీ సగం పోర్షన్లు ఖాళీ. మొన్న నెక్కొండ నుంచి ఒక ఇంటివాళ్లు కింది పోర్షన్ అడగడానికి వచ్చారు. తల్లి మంచంలో ఉందని ముందే చెప్పి తల వంచుకున్నారు. రాయమల్లు తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టాడు.

“ఒక్కటే షరతు. ఏదన్న అయితే ఎవలనూ అడగకుండ్రి. లోపలికే తీస్కరాండ్రి.”